సాగరగర్భ యాత్రకు సన్నాహం

పాఠ్యభాగ ఉద్దేశం:
సాహసకార్యాలకు ధైర్యం ఒక్కటే చాలదు. ముందుచూపు, శాస్త్రజ్ఞానం, నిజాయితీ కూడా కావాలి. సముద్రంలోకి దిగి అక్కడి జీవులను చూడదలచిన ఒక కుటుంబం, తమ ఇంటి వసారాలోనే కూర్చుని ఆ ప్రయాణానికి ఏ విధంగా ఏర్పాట్లు చేసుకొన్నదో ఈ పాఠం తెలుపుతుంది.

పాఠం:

ఇడపనూరు రాయచూరు జిల్లాలోని ఒక గ్రామం. కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న ఈ జిల్లాలో కన్నడంతోపాటు తెలుగు మాట్లాడే కుటుంబాలు అనేకం ఉన్నాయి. ఇక్కడివారికి నది తెలుసు, చెరువు తెలుసు, బావి తెలుసు. సముద్రం మాత్రం దూరం. విచిత్రమేమిటంటే, ఈ రెండు నదులూ అరేబియా సముద్రానికి చేరువలో ఉన్న పడమటి కనుమలలో పుట్టినవే. కృష్ణానది పుట్టిన మహాబలేశ్వరం నుండి ఆ సముద్రం సుమారు 64 కిలోమీటర్లే. అయినా కృష్ణ తూర్పుగా పారి, దారిలో తుంగభద్రను కలుపుకొని, బంగాళాఖాతం చేరుతుంది.

ఆ ఊరిలో ఒక ఇంట దీపావళి పండుగకు అందరూ చేరారు. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న పెద్దకొడుకు వచ్చాడు. నౌకాదళంలో గజ ఈతగాడుగా పనిచేసి విశ్రాంతి పొందిన చిన్నాయన వచ్చాడు. తొమ్మిదవ తరగతి చదువుతున్న చెల్లెలి ఆనందానికి హద్దులు లేవు. రాత్రి భోజనాలయ్యాక అన్న తన మనసులోని మాట బయటపెట్టాడు.

"చిన్నాయనా, డిసెంబరు చివరి వారంలో మురుడేశ్వరం పోదాం. అక్కడినుండి నేత్రాణి ద్వీపానికి పడవలో తీసుకుపోతారట. వీపుకు గాలి సిలిండరు కట్టుకొని సముద్రంలో దిగవచ్చునట. చెల్లెలిని కూడా తీసుకుపోదాం."

అవ్వ ఉలిక్కిపడింది. "నీటితోను, నిప్పుతోను ఆటలు వద్దు నాయనా! చూడాలంటే ఒడ్డున నిలబడి చూడరాదా?" అన్నది.

చిన్నాయన నవ్వి, "ఆటగా తీసుకొంటే నీ మాట నిజమేనమ్మా. పనిగా తీసుకొని పద్ధతిగా పోతే భయం తక్కువ. ముందు వీడి పథకం ఏమిటో విందాం" అన్నాడు.

అన్న పథకం చాలా చిన్నది. శనివారం సాయంత్రానికి మురుడేశ్వరం చేరడం, ఆదివారం ఉదయం సముద్రంలో దిగడం, మధ్యాహ్నమే బయలుదేరి కనుమలు దాటి హుబ్బళ్ళి చేరడం, రాత్రి విమానంలో బెంగళూరు పోయి సోమవారం ఉద్యోగానికి హాజరు కావడం.

"ఇందులో మూడు తప్పులున్నాయి" అన్నాడు చిన్నాయన. "వాటిని ఇప్పుడే చెప్పను. ఒక నోటుపుస్తకం తెండి. ఒక్కొక్కటే వ్రాసుకొంటూ పోతే తప్పులు వాటంతట అవే బయటపడతాయి."

చెల్లెలు పరుగున పోయి తన లెక్కల పుస్తకం తెచ్చింది.

మొదటి ప్రశ్న నాయన అడిగాడు. "విశాఖపట్నం మనవాళ్ళున్న ఊరు కదా! అక్కడికి పోరాదా?"

"విశాఖ దగ్గర ఋషికొండ తీరంలోనూ ఈ స్కూబా డైవింగు ఉంది. అండమాన్, లక్షద్వీప్‌లలో నీరు మరింత తేటగా ఉంటుంది. కాని మన జిల్లా నుండి బస్సులో పోయి రాదగిన చోటు మురుడేశ్వరమే. ఉత్తర కన్నడ జిల్లా భట్కళ తాలూకాలో ఉంది. నేత్రాణి ద్వీపం అక్కడినుండి సముద్రంలో సుమారు 19 కిలోమీటర్ల దూరం. పడవలో గంటకు పైగా పడుతుంది" అని చిన్నాయన చెప్పాడు.

దారిని చెల్లెలు వ్రాసుకొన్నది. రాయచూరు నుండి సింధనూరు, గంగావతి, కొప్పళ, గదగు మీదుగా హుబ్బళ్ళి. అక్కడినుండి యల్లాపురం దాటి, కనుమలు దిగి అంకోలా. ఆపై తీరం వెంట కుమటా, హొన్నావర దాటితే మురుడేశ్వరం.

"కాలం కూడా వ్రాసుకో తల్లీ" అన్నాడు చిన్నాయన. "జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరుతి ఋతుపవనాలు. సముద్రం పోటెత్తి ఉంటుంది, నీరు కలక బారుతుంది, డైవింగు ఆపివేస్తారు. కనుమదారి కూడా అప్పుడు ప్రమాదమే. 2024 జూలై 16వ తేదీన అంకోలా తాలూకా శిరూరు వద్ద కొండచరియ విరిగి జాతీయ రహదారిపై పడి ప్రాణాలు తీసింది. డిసెంబరులో అయితే సముద్రం శాంతంగా, నీరు తేటగా ఉంటుంది. అయినా బయలుదేరే ముందు అలల ఎత్తు చూసుకోవాలి. హైదరాబాదులో భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం ఉంది. 1999లో ఏర్పడిన ఆ సంస్థ అలలను గురించి ముందస్తు సూచనలు ఇస్తుంది. సముద్రం లేని హైదరాబాదు నుండి సముద్రం సంగతి తెలుసుకొంటాం!"

అందరూ నవ్వారు. తరువాత మాట పరికరాల మీదికి మళ్ళింది.

స్కూబా అనేది అయిదు ఆంగ్లపదాల మొదటి అక్షరాల కూర్పు. తన వెంటనే ఉండే నీటి అడుగు శ్వాసపరికరం అని దాని అర్థం. పూర్వం నీటి అడుగున పనిచేసేవారికి పైనుండి గొట్టం ద్వారా గాలి పంపేవారు. ఆ గొట్టం ఎంత పొడవుంటే అంతవరకే వారి రాకపోకలు. 1943లో ఫ్రాన్సు దేశంలో జాక్ కూస్తో అనే నౌకాదళ అధికారి, ఎమిల్ గాన్యాన్ అనే ఇంజనీరు కలిసి ఒక సాధనాన్ని తయారు చేశారు. వీపు మీది సిలిండరులో గాలిని అధిక పీడనంతో కూరి ఉంచుతారు. మనిషి ఊపిరి పీల్చినపుడు మాత్రమే, ఆ లోతుకు తగిన పీడనంతో, నోటికి గాలి అందుతుంది. ఈ పనిచేసే భాగాన్ని రెగ్యులేటరు అంటారు.

"సిలిండరులో ఉండేది ఆక్సిజన్ కదా?" అని చెల్లెలు అడిగింది.

"చాలామంది అలాగే అనుకొంటారు. సాధారణంగా ఉండేది మనం పీల్చే ఈ గాలే. దానినే శుభ్రపరచి నింపుతారు. 12 లీటర్ల సిలిండరులో 200 అట్మాస్ఫియర్ల పీడనంతో గాలి నింపారనుకో. మొత్తం గాలి ఎంత?"

"2,400 లీటర్లు."

"నిమిషానికి 20 లీటర్ల చొప్పున పీలిస్తే?"

"120 నిమిషాలు. అంటే రెండు గంటలు ఉండవచ్చు!" అన్నది చెల్లెలు సంతోషంగా.

"అది ఒడ్డున కూర్చుంటే! సముద్రంలో ప్రతి 10 మీటర్ల లోతుకూ ఒక అట్మాస్ఫియరు చొప్పున పీడనం పెరుగుతుంది. పైన గాలి పీడనం ఒకటి, నీటి పీడనం ఒకటి. 10 మీటర్ల లోతున మొత్తం రెండు. అక్కడ ఒక్కొక్క శ్వాసకు రెట్టింపు గాలి ఖర్చవుతుంది. పైగా సిలిండరు ఖాళీ అయ్యేదాకా ఎవరూ ఉండరు. 50 అట్మాస్ఫియర్లు మిగిలి ఉండగానే పైకి వచ్చేయాలి."

చెల్లెలు మళ్ళీ లెక్క వేసింది. 200లో 50 తీసివేస్తే 150. దానిని 12తో గుణిస్తే 1,800 లీటర్లు. నిమిషానికి 40 లీటర్లు ఖర్చయితే 45 నిమిషాలు. రెండు గంటలు ముప్పావు గంట అయింది. "భయపడి వేగంగా ఊపిరి పీలిస్తే అదీ ఉండదు" అన్నాడు చిన్నాయన.

అన్న ఛాతీ విరుచుకొని, "నాకు భయమెందుకు? చిన్నప్పుడు మన బావిలో సొరకాయ బుర్ర కట్టుకొని ఈత నేర్చుకొన్నాను. ఊపిరి బిగబట్టి అడుగున మట్టి తీసుకొచ్చేవాడిని" అన్నాడు.

చిన్నాయన ముఖంలో నవ్వు మాయమైంది.

"బావిలో నీకు మేలు చేసిన ఆ అలవాటే సముద్రంలో ప్రాణం తీస్తుంది. బావిలో నీవు పైన గాలి పీల్చి మునుగుతావు. లోతుకు పోయేకొద్దీ ఆ గాలి కుంచించుకుపోతుంది. పైకి వస్తే తిరిగి మొదటి పరిమాణమే అవుతుంది. అంతకు మించదు. స్కూబాలో అలా కాదు. 10 మీటర్ల లోతున నీవు ఊపిరితిత్తుల నిండా గాలి పీలుస్తావు. ఊపిరి బిగబట్టి పైకి వచ్చావనుకో, ఆ గాలి రెట్టింపవుతుంది. పీడనం తగ్గితే వాయువు పరిమాణం పెరుగుతుందని రాబర్ట్ బాయిల్ 1662లోనే చెప్పాడు. రెట్టింపైన గాలికి ఊపిరితిత్తులలో చోటెక్కడ? అవి చిట్లిపోతాయి. కాబట్టి మొదటి నియమం, ఎప్పుడూ ఊపిరి బిగబట్టరాదు. పీలుస్తూ, వదులుతూ ఉండాలి."

వసారాలో కొంతసేపు నిశ్శబ్దం. చెల్లెలు ఆ నియమం క్రింద రెండు గీతలు గీసింది.

"చెవుల సంగతి కూడా అంతే" అని చిన్నాయన కొనసాగించాడు. "దిగేటపుడు కర్ణభేరి మీద నీరు అదుముతుంది. నొప్పి పుట్టక ముందే ముక్కు మూసుకొని మెల్లగా గాలి ఊది, లోపలి పీడనాన్ని సరిచేసుకోవాలి. అయినా నొప్పి ఉంటే కొంచెం పైకి రావాలి. జలుబుతో ఉన్నవారికి ఇది సాధ్యం కాదు. జలుబు చేసిననాడు దిగరాదు."

నీటిలో మాటలుండవు. సైగలే భాష. బొటనవేలు, చూపుడువేలు సున్నాలా చుడితే "అంతా బాగుంది" అని అర్థం. అరచేతిని అటూ ఇటూ ఊపితే "ఏదో ఇబ్బంది" అని అర్థం. బాగుందని చెప్పబోయి బొటనవేలు పైకెత్తితే మాత్రం, వెంట ఉన్న శిక్షకుడు వెంటనే పైకి తీసుకుపోతాడు. ఎందుకంటే నీటిలో ఆ సైగకు "పైకి పోదాం" అని అర్థం. అన్నాచెల్లెళ్ళు ఆ సైగలను చాలాసేపు అభ్యాసం చేశారు.

అవ్వకు కూడా ఉత్సాహం కలిగింది. "అంత దూరం పోతున్నారు, నాకొక పగడం తెచ్చిపెట్టండి" అన్నది.

"పగడాలు రాళ్ళు కావమ్మా, ప్రాణులు. ఉంగరంలో పొదిగేది వేరే జాతి. ఇక్కడి పగడపు దిబ్బలు కొన్ని మిల్లీమీటర్ల జీవులు ఏళ్ళ తరబడి కట్టుకొన్న ఇళ్ళు. ఒక్క కాలి తాపుకు అవి విరిగిపోతాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం క్రింద 2001లో వాటికి రక్షణ కల్పించారు. వాటిని విరవడం, తేవడం నేరం. చిలుక చేపలు, సీతాకోకచిలుక చేపలు, అదృష్టముంటే తాబేళ్ళు, అన్నీ ఆ దిబ్బల చుట్టూనే తిరుగుతాయి. చూసి రావాలి, ముట్టుకోరాదు" అన్నాడు చిన్నాయన.

ఇక పథకంలోని తప్పులు చెల్లెలికే కనిపించసాగాయి. "చిన్నాయనా, శనివారం సాయంత్రం చేరి ఆదివారం ఉదయమే దిగితే, ముందుగా సాధన చేసేది ఎప్పుడు?" అని అడిగింది.

"అది మొదటి తప్పు. రాత్రంతా నిద్రలేక బస్సులో పోయినవారు ఒక రోజు విశ్రాంతి తీసుకోవాలి. లోతు లేని నీటిలో పరికరాలు అలవాటు చేసుకోవాలి. రెండవ తప్పు తిరుగు ప్రయాణంలో ఉంది. సోడాబుడ్డి మూత తీయగానే ఏమవుతుంది?"

"బుడగలు పొంగుతాయి."

"అదుముతున్న పీడనం ఒక్కసారిగా తగ్గడం వల్ల. మనం పీల్చే గాలిలో నైట్రోజన్ ఎక్కువ. లోతున అది రక్తంలో, కండరాలలో కరుగుతుంది. త్వరత్వరగా పైకి వస్తే సోడాలో వలె బుడగలు కడుతుంది. కీళ్ళనొప్పులు, పక్షవాతం కూడా రావచ్చు. దీనికి విరుగుడుగా అంచెలంచెలుగా పైకి రావాలని జాన్ హాల్డేన్ అనే శాస్త్రజ్ఞుడు 1908లో పట్టికలు ప్రకటించాడు. ఇప్పుడు నిమిషానికి 9 మీటర్లకు మించకుండా పైకి వస్తారు. 5 మీటర్ల లోతున మూడు నిమిషాలు ఆగుతారు. అయినా ఒంటిలో కొంత నైట్రోజన్ మిగిలే ఉంటుంది. ఎత్తుకు పోయినకొద్దీ గాలి పీడనం తగ్గుతుంది కదా! అందుకే ఒక్కసారి దిగినా 12 గంటలు, పలుమార్లు దిగితే 18 గంటలు గడిచేదాకా విమానం ఎక్కరాదంటారు. విమానమే కాదు, హుబ్బళ్ళి సముద్రమట్టానికి 600 మీటర్లకు పైగా ఎత్తున ఉంది. మధ్యాహ్నం సముద్రంలోంచి లేచి సాయంత్రానికి కనుమలెక్కడం మంచిది కాదు. మనం పూర్తిగా ఒక రోజు ఆగుదాం."

"మరి మూడవ తప్పు?" అన్నాడు అన్న.

చిన్నాయన జవాబు చెప్పక, డైవింగు సంస్థ పంపిన ఆరోగ్య ప్రశ్నావళిని అతని చేతికిచ్చాడు. గుండెజబ్బు ఉన్నదా? మూర్ఛలు వస్తాయా? చెవికి శస్త్రచికిత్స జరిగినదా? ఉబ్బసం ఉన్నదా? ప్రతి ప్రశ్నకూ ఉంది లేదా లేదు అని గుర్తు పెట్టాలి. ఒక్కటి ఉన్నా వైద్యుని అనుమతి తేవాలి.

అన్న అన్నింటికీ లేదు అని గుర్తు పెట్టుకుంటూ పోయాడు. ఉబ్బసం దగ్గర అతని కలం ఒక్కక్షణం ఆగింది. ఆపై అక్కడా లేదనే గుర్తు పెట్టాడు.

చెల్లెలు చూసింది. చలికాలం రాత్రులలో అన్న దిండు క్రింద పెట్టుకొనే మందు పంపు ఆమెకు తెలుసు.

"అన్నా..." అన్నది మెల్లగా.

"ఎప్పుడో ఒకసారి వస్తుంది. ఉందని వ్రాస్తే దిగనివ్వరు" అన్నాడు అన్న తల వంచుకొని.

"ఈ కాగితం వారి కోసం కాదు, నీ కోసం" అన్నాడు చిన్నాయన. "ఉబ్బసంలో సన్నని శ్వాసనాళాలు మూసుకుపోతాయి. లోపల చిక్కిన గాలి బయటికి రాదు. పైకి వచ్చేటపుడు ఆ గాలే పెరుగుతుంది. నీవు ఊపిరి బిగబట్టకపోయినా బిగబట్టినట్లే అవుతుంది. ఇంతసేపూ మనం వేసిన లెక్కలన్నీ ఈ ఒక్క అబద్ధంతో కొట్టుకుపోతాయి. నీకు ఆపద వస్తే నిన్ను పట్టుకోవడానికి వచ్చే శిక్షకుని ప్రాణమూ ఆపదలో పడుతుంది."

అన్న చాలాసేపు మాట్లాడలేదు. తరువాత ఆ గుర్తు కొట్టివేసి, ఉంది అని వ్రాశాడు.

రెండు రోజుల తరువాత అతడు రాయచూరులో వైద్యుని వద్దకు పోయాడు. వైద్యుడు ఊపిరి పరీక్షలు చేసి, ఈ సంవత్సరం సిలిండరుతో దిగవద్దని చెప్పాడు. ఇల్లు చేరిన అన్నను చూసి చెల్లెలు, "అయితే నేనూ దిగను. ప్రయాణం మానేద్దాం" అన్నది. ఆమె కళ్ళు చెమర్చాయి.

"మానడమెందుకు? నీవు చిన్నాయన వెంట దిగు. పడవలో కూర్చుని గడియారం చూసేవాడు ఒకడు కావాలి కదా! నలభై అయిదు నిమిషాలకు ఒక్క నిమిషం దాటనివ్వను" అన్నాడు అన్న.

"దిగుతానని ఎవరైనా అంటారు. దిగనని చెప్పడానికే ఎక్కువ ధైర్యం కావాలి" అన్నాడు చిన్నాయన అతని భుజం తట్టి.

ఆ రాత్రి చెల్లెలు పథకాన్ని తిరగవ్రాసింది. మొదటి రోజు ప్రయాణం. రెండవ రోజు విశ్రాంతి, నీటిలో సాధన, సాయంత్రం మురుడేశ్వర దర్శనం. మూడవ రోజు సూర్యోదయం కాగానే పడవ ప్రయాణం, శిక్షకునితో కలిసి 12 మీటర్లకు మించకుండా ఒక్కసారి దిగడం. నాలుగవ రోజు మధ్యాహ్నం వరకు ఆగి తిరుగు ప్రయాణం. బయలుదేరే ముందు అడగవలసినవి కూడా వ్రాసింది. శిక్షకునికి ధ్రువపత్రం ఉన్నదా? ఒక్కొక్కరి వెంట ఒక శిక్షకుడు ఉంటాడా? పడవలో ప్రథమచికిత్సకు ఆక్సిజన్ ఉన్నదా? చివరి వాక్యాన్ని అవ్వ చెప్పి వ్రాయించింది: "ఆనాడు సముద్రం బాగా లేకపోయినా, ఒంట్లో బాగా లేకపోయినా, మారుమాట లేకుండా తిరిగి రావాలి."

కఠిన పదాలు – అర్థాలు:
సన్నాహం = ఏర్పాటు, ఆయత్తం
సాగరగర్భం = సముద్రపు లోపలి భాగం
గజ ఈతగాడు = లోతు నీటిలో ఈదగల నేర్పరి
పీడనం = ఒత్తిడి
కర్ణభేరి = చెవి లోపలి పలుచని పొర
ఉబ్బసం = ఆయాసపు జబ్బు
ప్రశ్నావళి = ప్రశ్నల వరుస
ధ్రువపత్రం = యోగ్యతను తెలిపే పత్రం
చెమర్చు = తడియగు

అభ్యాసం

I. ఈ క్రింది ప్రశ్నలకు ఒక్కొక్క వాక్యంలో సమాధానాలు వ్రాయండి.
1. నేత్రాణి ద్వీపం మురుడేశ్వరం నుండి ఎంత దూరంలో ఉంది?
2. స్కూబా సిలిండరులో సాధారణంగా ఏమి నింపుతారు?
3. నీటిలో బొటనవేలు పైకెత్తితే ఏమని అర్థం?
4. పగడాలను తేవడం ఎందుకు నేరం?

II. ఈ క్రింది ప్రశ్నలకు నాలుగైదు వాక్యాలలో సమాధానాలు వ్రాయండి.
1. బావిలో మునగడానికి, స్కూబాతో సముద్రంలో దిగడానికి గల భేదమేమి?
2. అన్న వేసిన మొదటి పథకంలోని మూడు తప్పులను వివరించండి.
3. అవ్వ వ్రాయించిన చివరి వాక్యం పథకానికి ఎందుకు అవసరం?

III. ఈ క్రింది వాక్యాలు ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అన్నారో తెలుపండి.
1. "ఈ కాగితం వారి కోసం కాదు, నీ కోసం."
2. "పడవలో కూర్చుని గడియారం చూసేవాడు ఒకడు కావాలి కదా!"

IV. భాషాంశాలు
అ) విడదీసి సంధి పేరు తెలుపండి: సూర్యోదయం, చోటెక్కడ, విచిత్రమేమిటంటే
ఆ) విగ్రహవాక్యం వ్రాసి సమాసం పేరు తెలుపండి: సాగరగర్భం, అన్నాచెల్లెళ్ళు, రెండు రోజులు

V. లెక్క వేసి చెప్పండి
10 లీటర్ల సిలిండరులో 200 అట్మాస్ఫియర్ల పీడనంతో గాలి ఉంది. 50 మిగిల్చి పైకి రావాలి. 10 మీటర్ల లోతున నిమిషానికి 40 లీటర్లు ఖర్చయితే ఎన్ని నిమిషాలు ఉండవచ్చు?

VI. భాషాకార్యక్రమం
మీ ఇంటివారు చేయదలచిన ఒక ప్రయాణానికి పథకం వ్రాయండి. ఏ పరిస్థితిలో ప్రయాణం మానుకోవాలో కూడా అందులో చేర్చండి.